రిపేరుకిచ్చిన వాక్‌మన్ షాపులోనే ఉండిపోతే

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న కువైట్‌లో పనిచేసే రోజుల్లో తెచ్చిన వాక్‌మన్ ఒకటి ఇంట్లో ఉంది. ఆయన ఇప్పుడు లేరు. వాల్యూమ్ చక్రం తిప్పితే గరగరమనేది, ఎడమ చెవికి శబ్దం వచ్చేది కాదు. మిగతా బటన్లన్నీ బాగానే ఉండేవి. పండక్కి ఊరొచ్చినప్పుడు కడపలో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. 400 రూపాయలు అవుతుందన్నారు, 200 అడ్వాన్సు ఫోన్‌పేలో పంపాను. టోకెన్ మీద 'వాల్యూమ్, 400' అని రాశారు. రెండు వారాల్లో ఇస్తామన్నది ఐదు నెలలైంది. మొన్న వెళ్లి చూస్తే వాల్యూమ్ మార్చామన్నారు గానీ ప్లే బటన్ అసలు లోపలికి దిగడం లేదు, మూత అంచు పగిలి ఉంది. పార్టు ఎక్కడి నుంచో తెప్పించామని, 1800 కడితేనే ఇస్తామని అంటున్నారు. నాన్న కువైట్ నుంచి మాకోసం మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ కూడా అందులోనే ఉండిపోయింది. అదీ ఇవ్వలేదు. టోకెన్ కింద '30 రోజుల్లో తీసుకోకపోతే మా బాధ్యత లేదు' అని అచ్చు వేసి ఉంది. ఎప్పుడో ఒకసారి లోపల సెల్స్ కారితే నాన్న తుడిచారు, ఆ సంగతి షాపులో చెప్పలేదు. పోలీసుల దగ్గరికి వెళ్లాలా? స్పేర్ పార్టులు దొరకనందుకు కంపెనీ మీద కేసు వేయొచ్చా? అసలు ఇంత పాత వస్తువుకు కేసు నిలుస్తుందా?

జవాబు: అమ్మా, ముందు క్యాసెట్ సంగతి చూద్దాం. వాక్‌మన్ విషయంలో కొంత వాదన ఉంది. క్యాసెట్ విషయంలో లేదు. ఆ తేడాను మీరు ఈ రోజే వాడుకోవాలి.

ఒక పని కోసం వస్తువును ఒకరి చేతికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఒప్పందాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. మీ వాక్‌మన్ రిపేరు అదే కోవలోకి వస్తుంది. వస్తువు మీద నైపుణ్యంతో పనిచేసిన వ్యక్తి తన కూలి అందేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకోవచ్చని ఆ చట్టంలోని 170వ సెక్షన్ చెబుతుంది. అక్కడే ఉదాహరణ కూడా ఉంది: ముడి వజ్రాన్ని సానపట్టమని ఇస్తే, పని చేసినందుకు డబ్బు ఇచ్చేదాకా పనివాడు ఆ రాయిని ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. షాపు యజమాని మనసులో ఉన్న హక్కు ఇదే. అది నిజమైన హక్కే, కష్టపడి పనిచేసిన మెకానిక్‌కు అది ఉండాలి కూడా. కానీ ఆ హక్కు తాను పనిచేసిన వస్తువు మీద మాత్రమే ఉంటుంది. క్యాసెట్ మీద ఆయన ఏ పనీ చేయలేదు. కాబట్టి ఎంత బాకీ ఉందనుకున్నా దాన్ని ఆపే హక్కు ఆయనకు లేదు.

ఇవాళే ఆయనకు వాట్సాప్‌లో ఇలా రాయండి: 'వాక్‌మన్‌లో ఉండిపోయిన క్యాసెట్ మీద మీరు ఏ పనీ చేయలేదు. దయచేసి దాన్ని వెంటనే ఇవ్వండి. అప్పటిదాకా ఏ సెట్టులోనూ వేసి ప్లే చేయకండి. వాక్‌మన్ డబ్బు సంగతి విడిగా మాట్లాడుకుందాం.' 'ప్లే చేయకండి' అన్న వాక్యం తీసేయవద్దు. టేపు లాగేసుకునే అలవాటున్న సెట్టులో పాత క్యాసెట్ వేసి 'టెస్ట్' చేస్తే అందులో ఉన్న గొంతు మళ్లీ రాదు. మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి ప్రొద్దుటూరులో నమ్మకమైన వారిని పంపి తెప్పించుకోండి. చేతికొచ్చాక మొదట దాన్ని డిజిటల్ ఫైలుగా మార్పించుకోండి. ఇది న్యాయ సలహా కాకపోయినా, కడప జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇలాంటి క్యాసెట్లు ఇంకా ఎన్నో పడి ఉన్నాయి కాబట్టి అందరికీ చెబుతున్నాను.

ఇక వాక్‌మన్. 170వ సెక్షన్‌లో ఇంకో షరతు ఉంది. అప్పగించిన ఉద్దేశం ప్రకారం పని జరిగి ఉండాలి. మీరు ఇచ్చింది వాల్యూమ్ బాగుచేయమని. వాల్యూమ్ మారింది గానీ సెట్టు ఇప్పుడు అసలు పాడదు. ఇది ఒప్పుకున్న పని చేసినట్టు కాదని మనం గట్టిగా వాదించవచ్చు. పోనీ, పని జరిగిందనే అనుకున్నా, న్యాయంగా రావలసిన కూలికే ఆ హక్కు వర్తిస్తుంది. టోకెన్ మీద 400 అని వాళ్ల చేతిరాత ఉంది. ఖర్చు పెరుగుతుందని తెలిసినప్పుడు పని ఆపి మిమ్మల్ని అడగాలి. అడగకుండా 1800 చేసి మీ మీద వేయడం కుదరదు. మీ బాకీ ఎక్కువలో ఎక్కువ 200. ఇంకో సంగతి, అట్టిపెట్టుకునే హక్కు అమ్ముకునే హక్కు కాదు. '30 రోజుల్లో తీసుకోకపోతే' అన్న ముద్ర చూసి భయపడవద్దు. అది కస్టమర్ రాకపోతే వాడుకునే మాట. మీరు రాలేదు కాదు, ఆయన ఇవ్వలేదు. పైగా 161వ సెక్షన్ ప్రకారం, పనివాడి తప్పువల్ల వస్తువు సకాలంలో తిరిగి ఇవ్వకపోతే, ఆ గడువు దాటినప్పటి నుంచి దానికి జరిగే నష్టానికి, పాడవడానికి బాధ్యత ఆయనదే.

అసలు ప్రశ్న జాగ్రత్త గురించి. 'పాతది, ముట్టుకుంటే ఊడింది, మేమేం చేస్తాం' అన్న మాట రిపేరు షాపుల్లో చాలా వింటాం. 151వ సెక్షన్ దీనికి ఒక కొలత పెట్టింది. అలాంటి పరిస్థితిలో, అంతే విలువ ఉన్న తన సొంత వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త పనివాడు తీసుకోవాలి. పాతదనం ఈ బాధ్యతను తగ్గించదు. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుందని మనకంటే మెకానిక్‌కే బాగా తెలుసు, అందుకే మరింత నెమ్మదిగా విప్పాలి. అంత జాగ్రత్త తీసుకున్నా విరిగితే 152వ సెక్షన్ ఆయన్ను కాపాడుతుంది. కాబట్టి కేసు మొత్తం ఆయన ఎలా విప్పారు, ఎలా పనిచేశారు అన్న దాని మీద తిరుగుతుంది.

దీనికి ఆ యంత్రం గురించి కొంచెం తెలియాలి. వాల్యూమ్ చక్రం కింద కార్బన్ పూత ఉన్న చిన్న పట్టీ, దాని మీద జారే లోహపు రేకు ఉంటాయి. దుమ్ము, తుప్పు చేరితే గరగర వస్తుంది. స్టీరియో సెట్టులో ఎడమకూ కుడికీ వేరు వేరు పట్టీలు ఉంటాయి, అందుకే ఒక చెవికే శబ్దం పోవచ్చు. చాలాసార్లు కాంటాక్ట్ క్లీనర్ (ఇలాంటి భాగాల మురికి వదిలించే స్ప్రే) కొట్టి చక్రాన్ని కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది. పార్టు మార్చాలంటే బోర్డు మీద టంకం కరిగించి తీయాలి, వేడి ఎక్కువైతే కింద రాగి గీతలు లేచిపోతాయి. ప్లే బటన్ కథ వేరు. నొక్కితే లోపలికి దిగి నిలిచే పాతకాలపు బటన్ అయితే అది పూర్తిగా యాంత్రికం. నొక్కగానే హెడ్‌ను టేపు దగ్గరికి తోసే మీట, దాన్ని పట్టి ఉంచే కొక్కెం ఉంటాయి. వాల్యూమ్ పార్టుకూ దానికీ నేరుగా సంబంధం లేదు. టోకెన్‌లో 'వాల్యూమ్' అని మాత్రమే రాసి ఉంది. ఇచ్చినప్పుడు ప్లే బటన్ పనిచేసిందనడానికి మీ చేతిలో ఉన్న బలమైన కాగితం అదే. ఆ టోకెన్‌ను రెండు వైపులా ఫోటో తీసి, అసలును భద్రంగా ఉంచండి.

మీ బలహీనత ఒకటి ఉంది, దాచను. వస్తువులో తనకు తెలిసిన లోపం, పనివాడికి ఇబ్బంది తెచ్చేదైతే ముందే చెప్పాలని 150వ సెక్షన్ అంటుంది. సెల్స్ కారినప్పుడు వచ్చే తెల్లటి పొడి లోపలి రేకులను, తీగలను తినేస్తుంది. ఆయన రేపు ఇదే సాకు చెప్పవచ్చు. అది ప్లే బటన్ మీట విరగడానికీ, మూత పగలడానికీ కారణమని చెప్పడం కష్టమే. అయినా ఫిర్యాదులో ఈ సంగతి మీరే ముందు రాయండి. అవతలి వాళ్లు బయటపెడితే మీ మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది.

వాక్‌మన్ తీసుకునే రోజున మీరో, మీవాళ్లో కౌంటర్ దగ్గరే వీడియో తీయండి. తీసేసిన పాత వాల్యూమ్ పార్టును కూడా అడిగి తీసుకోండి. అది మీ సొత్తు. నిజంగా మార్చారో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. 200 ఫోన్‌పేలోనే చెల్లించి బిల్లు అడగండి. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. 'బాగుంది' అని ఎక్కడా సంతకం పెట్టవద్దు. రసీదు మీద 'ప్లే బటన్ పనిచేయడం లేదు, మూత పగిలి ఉంది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టండి. ఆ తర్వాత ఆత్రం కొద్దీ వెంటనే ఇంకో షాపులో ఇచ్చేయకండి. చాలామంది తమ కేసును తామే పాడుచేసుకునేది ఇక్కడే. ఇంకొకరు విప్పాక మొదటి వాళ్లు ఏం చేశారో ఎవరూ చెప్పలేరు. అనుభవం ఉన్న మెకానిక్‌ చేత మీ కళ్లముందే విప్పించి ఫోటోలు తీసుకుని, ఏది ఎలా విరిగిందో ఆయన చేత రెండు ముక్కలు రాయించి సంతకం తీసుకోండి. బాగుచేయించడం ఆ తర్వాతే.

పోలీసుల దగ్గరికి వెళ్లే విషయం కాదిది. ఇప్పటివరకు ఉన్నది సేవలో లోపం, డబ్బు వివాదం. ఆయన వస్తువును అమ్మేసినా, మీ దగ్గర తీసుకోలేదని బుకాయించినా అప్పుడు భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ప్రశ్న వస్తుంది. లేనిపోని క్రిమినల్ బెదిరింపు వల్ల మెకానిక్ భయపడి వస్తువునే మాయం చేసే ప్రమాదం ఉంది. కంపెనీ సంగతి కూడా అంతే. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది, కానీ దశాబ్దాల కిందటి క్యాసెట్ సెట్టుకు పార్టులు ఇవ్వలేదని కంపెనీని బాధ్యురాలిగా చేసే దారి మీకు లేదు. ఆ ఆలోచన వదిలేయండి.

కేసు నిలుస్తుందా అంటే, నిలుస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మీరు వినియోగదారు అయ్యేది రిపేరు సేవకు డబ్బు ఇచ్చినందుకు. వాక్‌మన్ కువైట్‌లో ఎప్పుడు కొన్నారు, బిల్లు ఉందా అన్నది అక్కర్లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా చిన్న గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే 15 రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో నోటీసు ఇచ్చి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. మీరు ఉంటున్న చోట, ఉద్యోగం చేస్తున్న చోట కూడా వేసే వీలు ఈ చట్టం ఇచ్చింది, అంటే బెంగళూరులోనూ వేయవచ్చు. కానీ నా సలహా కడపలోనే వేయమని. షాపు, సాక్షిగా వచ్చే మెకానిక్, రేపు ఉత్తర్వు అమలు చేయించుకోవలసిన చోటు అన్నీ అక్కడే. రాతకోతలకు సాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.

ఏం అడగాలన్నది జాగ్రత్తగా రాయండి. సెట్టును సొంత ఖర్చుతో బాగుచేయించి ఇవ్వాలి, లేదా మరో చోట బాగుచేయించడానికి అయ్యే ఖర్చు, చెల్లించిన 400, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు. వేదనకు కమిషన్లు పరిహారం ఇస్తాయి, మీ నాన్న వస్తువని రాయండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ లక్షలు రాయవద్దు. మీరు కోరుతున్నది వస్తువనీ, డబ్బు కాదనీ కమిషన్‌కు కనపడితే మధ్యవర్తిత్వానికి పంపే అవకాశం ఎక్కువ, అక్కడ మీకు కావలసింది త్వరగా దొరకవచ్చు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. మీ లెక్క, రెండు వారాల గడువు దాటిన రోజు నుంచి మొదలైందనుకోండి.