ప్రొటీన్ డబ్బాకి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం. మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. వెయిట్‌లిఫ్టింగ్‌లో రాష్ట్ర పోటీల దాకా వెళ్లింది. బరువు 55 కిలోలు. ప్రొటీన్ పౌడర్, ఇంకేవో బలం పొడులు వాడకపోతే నేషనల్స్‌లో నిలబడలేదని జిమ్ములో ఒకాయన చెప్తున్నాడు. కిలో డబ్బా 3,200 రూపాయలట. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందంటే అప్పు చేసైనా కొంటాను. కొనమంటారా?

జవాబు: వద్దండీ. అప్పు చేసి అసలే వద్దు. తిండి సంగతి తర్వాత చెప్తాను, ముందు ఉద్యోగం సంగతి.

కోటా ఉద్యోగానికి ఆధారం మీ అమ్మాయి సర్టిఫికెట్లు. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ కోటా 3 శాతం, 2025 మెగా డీఎస్సీలోనూ అమలైంది. రైల్వేలో, సైన్యంలో కూడా ఆట చూసి తీసుకుంటారు. ఆ సర్టిఫికెట్‌కి విలువ లేకుండా చేయడానికి ఒక్క మూత్ర పరీక్ష చాలు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా ఖేలో ఇండియా పోటీల్లోనూ శాంపిల్స్ తీసుకుంటుంది. మైనర్లు పట్టుబడిన సందర్భాలూ ఉన్నాయి. 'తెలియక తాగాను, జిమ్ములో సార్ ఇచ్చారు' అంటే పతకం నిలవదు. ఎవరు ఇచ్చినా సరే, ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆడేవాళ్లదే. వయసు చూసి నిషేధం తగ్గిస్తారేమో గానీ ఆ పోటీ ఫలితం మాత్రం పోయినట్టే.

మీ మండలంలోని కొండవెలగాడ సంగతే చూడండి. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిస్తే, తర్వాత అది రజతంగా మారింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడమే కారణం. ఆ అమ్మాయికీ అప్పుడు పదహారేళ్లే. దొరికినవి కండలు పెంచే స్టెరాయిడ్లు కూడా కావు, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు. పోటీ ముందు బరువు తగ్గడానికని ఎవరైనా మీ అమ్మాయి చేతిలో ఒక మాత్ర పెడితే ఇది గుర్తు చేసుకోండి.

మరి ప్రొటీన్ పౌడర్ నిషిద్ధమా? కాదు. వే ప్రొటీన్ అంటే పాలు విరిగినప్పుడు మిగిలే నీటి నుంచి తీసిన పొడి. కండ బలానికని అమ్మే క్రియాటిన్ పొడి కూడా నిషేధిత జాబితాలో లేదు. కానీ లేబుల్ మీద ఉన్నదే డబ్బాలో ఉందని ఎవరు హామీ ఇస్తారు? అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సాయంతో జర్మనీలోని కొలోన్ ల్యాబ్ 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 94 సప్లిమెంట్లలో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ జాతి పదార్థాలు బయటపడ్డాయి. అంటే వందకు దాదాపు 15.

ఆయన చూపించే డబ్బాను ఒకసారి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. 18 ఏళ్లలోపు వారికి కాదని చాలా డబ్బాల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని ఒకే పేరు కింద ఏడెనిమిది పదార్థాలు కలిపేసి, ఏది ఎంతో చెప్పకుండా మొత్తం గ్రాములు మాత్రం వేసి ఉంటే దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి. వ్యాయామానికి ముందు తాగమనే పొడుల్లో ఈ తంతు ఎక్కువ. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ప్రొటీన్ కాదు, 'ఇంకేవో బలం పొడులు' అన్న మాట. స్టెరాయిడ్ కలిసిన సరుకైతే ఆడపిల్లకి గొంతు మారుతుంది, నెలసరి తప్పుతుంది, ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోవచ్చు. క్రియాటిన్‌పై జరిగిన పరిశోధన చాలావరకు పెద్దవాళ్ల మీదే, అందుకే అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 18 ఏళ్లలోపు వారికి వద్దంటోంది. కండ కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

పొడి ఒక్కటే కాదండోయ్. మన వైపు నీరసమంటే చాలు, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి సెలైన్ ఎక్కించుకుంటారు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా అవసరమైతే తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి సెలైన్ ఎక్కించుకోవడం క్రీడాకారులకు నిషిద్ధం. ఒక బాటిలే 500. నొప్పికి పొడిచే డెక్సా ఇంజక్షన్ కూడా పోటీ సమయంలో నిషిద్ధమే. ఏ మందైనా వేసుకునే ముందు నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో పేరు కొట్టి చూడమనండి.

ఇక తిండి. కష్టపడి సాధన చేసేవాళ్లకు కిలో బరువుకి 1.2 నుంచి 1.7 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ అమ్మాయికి రోజుకి 66 నుంచి 93 గ్రాములు. మూడు పూటలా కలిపి 350 గ్రాముల బియ్యం వండుకుంటే 27, యాభై గ్రాముల కందిపప్పుతో 11, రెండు గుడ్లతో 12, అర లీటరు పాలతో 16, గుప్పెడు వేరుశనగ గుళ్లతో, అంటే యాభై గ్రాములతో 12. అప్పుడే 78 అయింది. చేపలో కోడికూరో ఉన్నరోజు ఇంకా ఎక్కువే. డబ్బాతో వచ్చే పెద్ద కొలత చెంచాడు పొడి ఇచ్చే 24, 25 గ్రాములు నాలుగు గుడ్లలో వచ్చేస్తాయి.

చాలామంది పిల్లల్లో లోటు ప్రొటీన్‌ది కాదు, పూటలది. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో గ్రౌండుకి, అట్నుంచటే కాలేజీకి. వెళ్లే ముందు ఒక అరటిపండో గ్లాసు చోడి అంబలో పడాలి, రాగానే గుడ్లు తినాలి, కాలేజీకి క్యారేజీ కట్టాలి. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఎనిమిది గంటలకు తగ్గకుండా నిద్రపోవాలి.

ఒక పరీక్ష మాత్రం ఈ వారమే చేయించండి: హిమోగ్లోబిన్. 12 కన్నా తక్కువుంటే రక్తహీనత, అప్పుడు ఏ పొడి పోసినా బరువు లేవదు. దానికి పీహెచ్‌సీ డాక్టర్ రాసే ఐరన్ మాత్రే సరైన సప్లిమెంట్. కాలేజీలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రను పిల్లలు చెత్తబుట్టలో వేస్తుంటారు, అడిగి చూడండి. నెలసరి మూడు నెలలు రాకపోతే కోచ్‌కి కాదు, లేడీ డాక్టర్‌కి చెప్పాలి.

బైపీసీ మంచి ఎంపిక, వదిలించకండి. పతకం ఎలా ఉన్నా ఫిజియోథెరపీ డిగ్రీకి దారి ఉంటుంది. డిగ్రీ తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ, లేదా పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేయొచ్చు. వెయిట్‌లిఫ్టింగ్ తెలిసిన ఫిజియో అంటే ఆ క్రీడాకారులకు ఎంతో అక్కర.

ఈపాటికే డబ్బా కొనేసి ఉంటే, సీల్ తీయకపోతే షాపుకి తిరిగి ఇచ్చేయండి. వాడటం మొదలుపెట్టి ఉంటే ఆపించండి. డబ్బా పారేయకుండా బ్యాచ్ నంబర్ కనిపించేలా లేబుల్‌కి ఫోటో తీసి, బిల్లుతో పాటు దాచండి. శాంపిల్ తీసేటప్పుడు నింపే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. మీ అమ్మాయి ఆ పేరు దాచకుండా రాయాలి.