చెప్పినా ఎందుకు ఆపలేకపోయారు?

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసు పని మీద వచ్చే నెల కొలంబో వెళ్తున్నాడు. 2019లో అక్కడ పేలుళ్లకు ముందే మన దేశం హెచ్చరించిందట కదా, మరి ఎందుకు ఆపలేకపోయారండీ? ఉగ్రవాదంపై ఉమ్మడి పోరు అంటూ పొరుగు దేశాల నాయకులు చేతులు కలిపేది ఫోటోల కోసమేనా?
- ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. ఏప్రిల్ 4నే మనవాళ్లు సమాచారం పంపారు. చర్చిల మీద దాడి జరగొచ్చని చెప్పారు, ముఠా నాయకుడి పేరూ ఇచ్చారు. 11న అక్కడి పోలీసుల్లోనే దీని మీద ఒక లేఖ తిరిగింది. అయినా 21న, ఈస్టర్ రోజు, మూడు చర్చిలు, మూడు పెద్ద హోటళ్లు పేలాయి, 260 మందికి పైగా పోయారు. వాటిలో ఒకటైన నెగొంబో చర్చిలో పైకప్పు పెంకులు ఊడిపోయి, క్రీస్తు విగ్రహం మీద నెత్తుటి మరకలున్న ఆ ఫోటో నాకింకా కళ్ల ముందే ఉంది.

ఆపలేకపోవడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అప్పటికి అధ్యక్షుడికీ ప్రధానికీ పడదు, వాళ్ల జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేశారు. పొరుగువాడు తలుపు కొట్టి చెప్పాడు సరే, ఇంట్లోవాళ్లే ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఎవరేం చేస్తారు? 2023 జనవరిలో వాళ్ల సుప్రీంకోర్టు, అప్పటి దేశాధ్యక్షుడు సిరిసేన తన జేబులోంచి 10 కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. అది మాత్రం నాకు నచ్చింది.

ఫోటోల సంగతంటారా, సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలు 1987లోనే ఉగ్రవాద నిరోధక ఒడంబడిక చేసుకున్నాయి, అందులో మనమూ పాకిస్తానూ ఇద్దరమూ ఉన్నాం, ఇక చెప్పేదేముంది! కానీ భూటాన్‌ని చూడండి. అస్సాం, ఉత్తర బెంగాల్ మిలిటెంట్లు దాని అడవుల్లో 30 దాకా శిబిరాలు పెట్టుకుంటే, వెళ్లిపొమ్మని ఏళ్ల తరబడి బతిమాలి, కుదరక 2003 డిసెంబరులో ఆ బుల్లి సైన్యమే దిగి అన్నీ ఎత్తేసింది. మనవాళ్లు సరిహద్దుకి ఇవతల దారులు మూసి నిలబడ్డారు.

అబ్బాయిని వెళ్లనివ్వండి, టెన్షన్ వద్దు. విమానం గంటన్నరే, మైలాపూరు నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో ఎయిర్‌పోర్టుకి చేరడానికే అంతకంటే ఎక్కువ పట్టేట్టుంది. హోటల్ గేటు దగ్గర బ్యాగు విప్పమంటే మాత్రం విసుక్కోవద్దని చెప్పండి.