కొడవలి పట్టని ఎడమ చెయ్యి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. తొలినాటి కోత యంత్రాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పేర్లూ సంవత్సరాలూ ఓపికగా సరిచూసుకున్నావని తెలుస్తూనే ఉంది. అయినా చివరి పేజీకి వచ్చేసరికి కూడా ఆ యంత్రం ఒక్క గోధుమ కాడను ఎలా కోసిందో నాకు కనిపించలేదు. నా బాధంతా అదే, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

"1831లో మెకార్మిక్ కోత యంత్రాన్ని కనిపెట్టాడు" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్యి. అలా మొదలైన వ్యాసం ఎవరు ముందు, ఎవరు వెనుక అనే తగవులోకి జారిపోతుంది. నీ మూడో పేజీ నుంచి జరిగింది అదే. కాడతో మొదలుపెట్టు.

పండిన గోధుమ కాడ లోపల బోలుగా, పైన నున్నగా ఉంటుంది, వంగుతుంది. ఊరికే కత్తి తగిలితే తెగదు, పక్కకు ఒరిగి తప్పుకుంటుంది. కొడవలితో కోసే మనిషికి ఈ చిక్కు రాదు, ఎందుకంటే కుడిచేతి కొడవలి కదలకముందే ఎడమ చెయ్యి గుప్పెడు కాడలను పట్టుకుని ఉంటుంది. కోత అయ్యాక వాటిని పనగా నేల మీద పరిచేదీ ఆ చెయ్యే. మన వైపు వరికోతలు చూసిన ఎవరికైనా ఇది తెలుసు. కానీ కొడవలి గురించి రాసేవాళ్లు దాదాపు అందరూ కుడిచేతినే చూస్తారు. యంత్రం చేయాలని కూర్చున్నవాళ్లను ఏళ్ల తరబడి ఏడిపించింది ఎడమ చెయ్యి. చక్రానికి కత్తి తగిలించడం ఏ కమ్మరికీ పెద్ద పని కాదు. కాడను దగ్గరికి తెచ్చి, కోసేంతసేపు వంగకుండా నిలబెట్టి, కోశాక తీసుకెళ్లి ఒక పక్కన వేసే పనిని కర్రకూ ఇనుముకూ ఎలా అప్పగించాలి? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి. ప్రతి భాగాన్నీ దీనికి జవాబుగా చూపించు, అప్పుడు భాగాల పేర్లు చదువరికి వాటంతట అవే గుర్తుంటాయి.

పట్టుకోకుండా కోసే దారి కూడా ఒకటుంది, వేగం. ఐరోపా రైతులు రెండు చేతులతో విసిరే పొడవు పిడి కోతకత్తి అలాగే పనిచేస్తుంది; కాడ వంగడానికి వ్యవధి దొరికేలోపే అంచు దాటిపోతుంది. స్కాట్లాండులో డీన్‌స్టన్‌కు చెందిన జేమ్స్ స్మిత్ 1811 ప్రాంతంలో ఈ దారి పట్టాడు. నిలువు ఇరుసు మీద తిరిగే డ్రమ్ము, దాని అడుగు అంచున గుండ్రటి కత్తి. నువ్వు అతన్ని "విఫలుడు" అని ఒక్క మాటతో కొట్టేశావు. అలా రాయొద్దు, చిక్కు ఎక్కడుందో చెప్పు. అప్పట్లో పొలంలో ఇంజను లేదు. తిరిగే కత్తికి బలం నేల మీద దొర్లే చక్రం నుంచే రావాలి. గుర్రం నడక మందగిస్తే కత్తి మందగిస్తుంది, కత్తి మందగిస్తే కాడ మళ్లీ ఒరిగిపోతుంది. ఇంజన్లు వచ్చాక ఇదే సూత్రం గడ్డి కోసే యంత్రాల్లో చక్కగా నిలబడింది. స్మిత్ ఆలోచనలో లోపం లేదు. దానికి కావలసిన బలం ఆ రోజుల్లో గుర్రం దగ్గర లేదు, అంతే.

ఇక పాట్రిక్ బెల్. నీ వ్యాసంలో అతనికి రెండు వాక్యాలే ఇచ్చావు, నేనైతే రెండు పేజీలు ఇస్తాను. స్కాట్లాండులోని ఒక రైతు కొడుకు, మత గురువు కావడానికి చదువుకుంటున్న విద్యార్థి. తోటలో కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెరను చూసి, అలాంటి కత్తెరలను వరసగా బిగిస్తే చేను కోయవచ్చని అనుకున్నాడు. కత్తెరకు వేగం అక్కర్లేదు, ఒక అంచు కాడను ఆపుతుంది, రెండో అంచు కోస్తుంది. 1828 నాటికి యంత్రం తయారైంది. నలుగురూ చూసి నవ్వకుండా, ఒక కొట్టాంలో మట్టి పోయించి, అందులో ఓట్స్ ధాన్యపు కాడలను ఒక్కొక్కటిగా చేనులా నాటి, తలుపులు మూసి, యంత్రాన్ని తన చేతులతోనే తోసి చూశాడు. కాడలన్నీ తెగాయి. కానీ తెగినవి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

ఈ ఘట్టాన్ని ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. కోయడం వేరు, కోసినదాన్ని సర్దడం వేరు అని ఆ కొట్టాంలో తేలింది. అప్పుడు అతను కత్తెరల వెనుక వాలుగా ఒక కాన్వాసు పట్టా అమర్చాడు. రోలర్ల మీద కదిలే ఆ గుడ్డ కోసిన పైరును ఒక పక్కకు వరసగా జారవిడిచేది. గుర్రాలను వెనుక కట్టి యంత్రాన్ని ముందుకు తోయించాడు, కోయని చేను వాటి కాళ్ల కింద నలగకుండా. పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చని వదిలేశాడు. అతని యంత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

కత్తెర పద్ధతిలో ఒక కష్టం ఉంది. ప్రతి కత్తెరకూ ఒక కీలు ఉంటుంది. కీలు కొంచెం వదులైనా రెండు అంచుల మధ్య సందు ఏర్పడి, కాడ తెగకుండా అందులో మడతపడి ఇరుక్కుంటుంది. దీనికి జవాబు అమెరికాలో దొరికింది, అంతకుముందు ఓడల్లో పనిచేసిన ఓబెడ్ హస్సీ దగ్గర. 1833 డిసెంబరు 31న అతనికి పేటెంటు వచ్చింది. త్రికోణాకారపు ఇనుప బిళ్లలను ఒక సన్నని పట్టీకి పక్కపక్కన బిగించాడు. ఆ పట్టీకి ముందు, మొనలు చేని వైపు చూస్తూ ఇనుప వేళ్ల వరస. ఒక్కొక్క వేలికీ అడ్డంగా గాడి. పట్టీ ఆ గాడుల్లోంచి అటూ ఇటూ ఆడుతుంది. రెండు వేళ్ల మధ్యకు వచ్చిన కాడను త్రికోణపు ఏటవాలు అంచు పక్కనున్న వేలికి నొక్కుతుంది. వేలు కాడకు కత్తి పైనా ఆసరా ఇస్తుంది, కత్తి కిందా ఇస్తుంది. వంగడానికి కాడకు చోటే లేదు. కొడవలి కోతలో ఎడమ చెయ్యి చేసే పనిని ఈ వేళ్లు చేస్తున్నాయి. కీళ్లు లేవు కాబట్టి వదులయ్యేవీ తక్కువే. ఒక బిళ్ల విరిగితే ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.

ఇక్కడ ఆగి, నెమ్మదిగా రాయి. తొందరపడితే చదువరి చేతికి ఏమీ దొరకదు. మొదటి వేళ్ల గాడులు మూసి ఉండడంతో పచ్చి గడ్డి, చెత్త అందులో కూరుకుపోయి కత్తి బిగుసుకునేదనీ, 1847 పేటెంటులో హస్సీ ఆ గాడిని తెరిచి చెత్త బయటపడే దారి ఇచ్చాడనీ కూడా చెప్పు. యంత్రాన్ని పొలం సరిదిద్దిన తీరు చదువరికి ఇలాంటి చిన్న మార్పుల్లోనే కనిపిస్తుంది.

తర్వాత కత్తిని ఆడించే బలం గురించి. నీ వ్యాసంలో "పళ్లచక్రాల ద్వారా శక్తి అందుతుంది" అని ఉంది. అలాంటి వాక్యం ఏ యంత్రానికైనా సరిపోతుంది, కాబట్టి ఇక్కడ పనికిరాదు. ఒక లెక్క వేసి చూపించు. నేల మీద దొర్లే పెద్ద చక్రం అడ్డుకొలత ఒక మీటరు అనుకో. ఒక చుట్టుకు యంత్రం సుమారు 3.14 మీటర్లు ముందుకు పోతుంది. పళ్లచక్రాలు ఆ ఒక్క చుట్టును క్రాంకు (చుట్టు తిరగడాన్ని అటూ ఇటూ కదలికగా మార్చే వంపు కడ్డీ) దగ్గర 20 చుట్లు చేశాయనుకో. క్రాంకు ఒక చుట్టులో కత్తిని ఒకసారి అటు, ఒకసారి ఇటు నెడుతుంది, అంటే 40 కదలికలు. లెక్క కడితే ఒక్కో కదలికకు యంత్రం దాదాపు 8 సెంటీమీటర్లు ముందుకు వెళ్తుంది. గుర్రం వేగంగా నడిచినా, నెమ్మదిగా నడిచినా ఈ 8 సెంటీమీటర్లు మారవు. నడకకూ కోతకూ ఉన్న ఈ ముడి నాకు ఎంతో ఇష్టమైన విషయం. స్మిత్ యంత్రాన్ని ఇబ్బంది పెట్టిన గుర్రం నడక ఇక్కడ అడ్డే కాలేదు, ఎందుకంటే వేళ్లు కాడను పట్టుకున్నాయి.

దీనికి చెల్లించిన మూల్యమూ చెప్పు. చక్రం నేలను గట్టిగా పట్టుకుంటేనే కత్తి ఆడుతుంది. అందుకే ఆ చక్రాన్ని వెడల్పుగా చేసి, అంచు మీద గరుకు కట్లు పెట్టి, యంత్రం బరువులో ఎక్కువ భాగం దాని మీద మోపారు. నేల తడిగా ఉంటే చక్రం తిరగకుండా జారేది, కత్తి ఆగేది, ముందుకు పోయే యంత్రం కోయని పైరును నెట్టుకుంటూ పోయేది.

ఇప్పుడు మెకార్మిక్‌ను తీసుకురా. వర్జీనియాలో తండ్రి రాబర్ట్ ఏళ్ల పాటు కోత యంత్రం కోసం కష్టపడ్డాడు. కొడుకు సైరస్ 1831లో పొలంలో నడిపి చూపించాడు, 1834 జూన్ 21న పేటెంటు పొందాడు. ఆ పొలంలో బానిసగా ఉన్న జో ఆండర్సన్ ఈ యంత్రం తయారీలో పాలుపంచుకున్నాడు. నీ వ్యాసంలో అతని పేరు లేదు. తప్పకుండా చేర్చు, అదీ ఎక్కడో చివర్లో దయతలచినట్టు కాకుండా, పని జరిగిన చోటనే చేర్చు.

మెకార్మిక్ యంత్రం గొప్పతనం కూర్పులో ఉంది. గుర్రం ముందు, కోసిన నేల మీద నడుస్తుంది, కత్తి పక్కకు చాచుకుని ఉంటుంది. కోయవలసిన పైరును మిగిలిన చేను నుంచి విడదీసే మొన ఒకటి ఉంటుంది. పైన తిరిగే పలకల రీలు కాడలను కత్తి మీదకు వంచి, తెగినవాటిని వెనుక బల్ల మీదకు పడేస్తుంది. ఈ రీలు వేగం గురించి ఒక పేరా రాయి. రీలు అంచు యంత్రం కంటే కాస్త వేగంగా వెనక్కి కదలాలి. నెమ్మదిస్తే పైరును ముందుకే తోస్తుంది, మరీ వేగమైతే కంకులను కొట్టి గింజ రాలుస్తుంది. ఆ "కాస్త" ఎంత అన్నది పైరు ఎత్తును బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది. ఇప్పటి కోత మిషన్ల డ్రైవర్లు కూడా చేనులోకి దిగగానే ముందు సరిచూసుకునేది దీన్నే.

1851లో ఇంగ్లండు ఎసెక్స్‌లో మెకీ అనే ఆయన పొలంలో జరిగిన పోటీని నువ్వు మెకార్మిక్ విజయంగా రాసి వదిలేశావు. పైరు పచ్చిగా, వాన తడితో ఉంది, హస్సీ అక్కడ లేడు, అతని యంత్రం చెత్తతో బిగుసుకుంది. అదే ఏడాది కొద్దివారాల తర్వాత యార్క్‌షైర్ క్లీవ్‌లాండ్‌లో జరిగిన పోటీలో హస్సీ యంత్రమే మేలన్నారు. రెండు ఫలితాలూ పక్కపక్కన పెడితే ఏ యంత్రం గొప్పదన్న ప్రశ్నకు ముందు ఏ పొలంలో అని అడగాలని చదువరికి తెలుస్తుంది. 1848లో మెకార్మిక్ తొలి పేటెంటు గడువు పొడిగించడానికి అధికారులు ఒప్పుకోలేదు, తర్వాత ఎందరో తయారీదారులు రంగంలోకి దిగారు. పేటెంటు తగాదాల గురించి ఇంతకు మించి రాయనక్కర్లేదు.

అసలు కాడను కోయకుండానే పంట తీసిన వాళ్లూ ఉన్నారు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్సు, దాని చుట్టుపక్కల ప్రాంతం) పెద్ద పొలాల్లోని ఒక బండి గురించి రాశాడు. రెండు చక్రాలు, ముందు అంచున పళ్లు, వెనుక కట్టిన పశువు దాన్ని చేనులోకి తోస్తుంది, కంకులు తెగి బండిలో పడతాయి. బెల్జియంలోని బ్యూజెనోల్‌లో 1958లో దొరికిన రాతి శిల్పంలో ఆ బండి కనిపిస్తుంది. 1843లో దక్షిణ ఆస్ట్రేలియాలో జాన్ రిడ్లీ యంత్రం అదే దారిలో నడిచింది, ముందున్న దువ్వెనలాంటి పళ్ల వెనుక వేగంగా తిరిగే పలకలు కంకి నుంచి గింజను అక్కడే కొట్టి రాల్చేవి. అక్కడి ఎండకు పంట గలగలమనేలా ఎండుతుంది, కూలీలు తక్కువ, గడ్డి చేనులో మిగిలిపోయినా బెంగ లేదు. ఇంగ్లండులో గింజ అంత పొడిగా ఎండదు, గడ్డి కూడా కావాలి. వాతావరణం, కూలీ, పశువుల మేత అన్నీ యంత్రం ఆకారంలో చేరిపోతాయి. నీ వ్యాసంలో ఆస్ట్రేలియాను అడుగున చిన్న గమనికగా పెట్టావు, దాన్ని పైకి తీసుకురా.

కోత తర్వాతి పనిని క్లుప్తంగా ముగించు. మొదట బల్ల మీది పైరును ఒక మనిషి పక్కన నడుస్తూ పళ్లకర్రతో లాగేవాడు, వెనుక వచ్చే కూలీలు కట్టలు కట్టేవాళ్లు. 1858లో మార్ష్ సోదరులు కాన్వాసు పట్టాలతో పైరును పైకెత్తి, యంత్రం మీదే నిలబడి కట్టలు కట్టేలా చేశారు. తర్వాత ఇనుప తీగతో కట్టే యంత్రాలు వచ్చాయి, తీగ ముక్కలు పశువుల మేతలో కలవడంతో రైతులు భయపడ్డారు. 1870ల చివర్లో జాన్ యాపిల్‌బీ పురికొసతో ముడివేసే పరికరానికి పేటెంటు పొందాడు. ఆ ముడి గురించి విడిగా రాయి, ఇందులో ఇరికించకు.

రాసేముందు ఒక పని చెయ్యి. ఈ కోతల్లో మీ ఊరికి వచ్చే వరికోత మిషన్ ఇంజను ఆపి ఉన్నప్పుడు, డ్రైవర్‌ను అడిగి, ముందు భాగాన్ని దగ్గర నుంచి చూడు. త్రికోణపు బిళ్లలు, వేళ్లు, వాటి మీద రీలు, అన్నీ ఉంటాయి. బురద పొలాలకు టైర్ల బదులు చైను ఎందుకు పెట్టారో, తుఫానుకు పడిపోయిన చేను కోసేటప్పుడు అతను రీలును ఎంత కిందికి దించుతాడో, గడ్డి నలిగిపోతే పాడి రైతులు ఏమంటారో అడుగు. అతను వాడే మాటలు రాసుకో, నీ వ్యాసంలో అవే వాడు.

పటాలు కూడా నువ్వే గీయాలి. రెండు వేళ్లు, ఒక బిళ్ల, ఒక కాడ. మొదటిదాంట్లో కాడ రెండు వేళ్ల మధ్యకు వస్తుంది, రెండోదాంట్లో అంచు దాన్ని వేలికి నొక్కుతుంది, మూడోదాంట్లో అది తెగి ఉంటుంది. ఒక్కోదాని కింద రెండు వాక్యాలకు మించకుండా రాసి, వ్యాసం కంటే ముందు ఆ మూడు పటాలు నాకు పంపు. కోతలు అయ్యేలోపు చూసుకో, ఆ తర్వాత మిషన్లు వేరే జిల్లాలకు వెళ్లిపోతాయి.

ఇట్లు,
మీ అన్నయ్య