నీ నాయిక శ్రుతి ఎంత?

బాబూ,

నీ హాస్య సంగీత నాటకం నిన్న రాత్రి చదివాను. పలాసలో జీడిపిక్కలు కొట్టిన పిల్ల వేళ్ల నలుపుని మేకప్ మనిషి రంగు కింద దాచే చోటు బాగుంది. ఆ తర్వాతే కోపం వచ్చింది.

సత్యభామకి గొంతు పోతే, తెర వెనక చీరలు మడతపెట్టే నీ పిల్ల ఒక్క పూటలో ఆ వేషం కట్టి విజయనగరాన్ని ఊపేసింది. సరే, నమ్ముతాను. శ్రుతి ఎంత? పాట ఎత్తుకునే ఆ స్థాయి పోయిన గొంతుది ఎంత, కొత్త గొంతుది ఎంత? కృష్ణుడు నాలుగు శ్రుతిలో పాడి వదిలితే ఈ పిల్ల ఐదున్నరలో అందుకుంటుంది, మధ్యలో హార్మోనిస్టు పాట్లు ఏమిటి? నవ్వంతా అక్కడుంటే, నువ్వు మేనేజరు పంచె ఊడిపోవడం మీద రెండు పేజీలు తగలేశావు. 1892లోనే కన్యాశుల్కం చూసి నవ్విన ఊరిని పంచె ఊడదీసి నవ్విస్తావా? 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ముందు నుంచే నీ పిల్ల రిక్షాలో వెళ్లింది. తలైనా తిప్పలేదు.

నాకు 22 ఏళ్లప్పుడు ఓ నాటకానికి సైడు వింగులో ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి. ఆ రాత్రి మాట్లాడుకున్న ఆర్టిస్టు రాలేదు. ఎవరో కొత్తమ్మాయికి వేషం కట్టేశారు.

"ఏటమ్మా, నీ శ్రుతెంత?" అన్నాడు హార్మోనిస్టు.

"మీరెంత పెడితే అంత బాబూ."

ఆయన హార్మోనియం పెట్టె మీంచి చేతులు తీసేసి నావైపు చూశాడు. మూడో పద్యంలో పైస్థాయికి వెళ్లేసరికి గొంతు జీరపోయింది. ఆయన తిత్తి గట్టిగా తొక్కి ఆ జీరని పెట్టె మోతలో ముంచేశాడు. జనం వన్స్‌మోర్ అన్నారు. అమ్మాయి దండాలు పెట్టింది. "మళ్లీ ముంచాలేటి?" అని ఆయన గొణగడం నాకొక్కడికే వినపడింది.

అదే నాటకంగా రాసి ఓ వారపత్రికకి పంపితే, పాటలు తీసేస్తే వేసుకుంటామని ఎడిటరుగారు కార్డు రాశారు. తీసేస్తే మిగిలేది పెట్టె ఒక్కటే! నాటక పరిషత్తు పోటీలకి పంపితే గంటలో అయిపోవాలన్నారు. అప్పట్లో సోఫా, ఫోను, ఏడ్చే తండ్రి ఉంటేనే ప్రైజు. ఇప్పుడూ అంతేననుకో.

పేరు మార్చాలా, ఆఖర్న పెళ్లి పెట్టాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ హార్మోనిస్టుకి ఓ పేరు పెట్టు. 36 పేజీల్లో టీ కుర్రాడికి కూడా పేరుంది, ఆయనకి లేదు.

ఉంటాను.