నిన్నటి బ్రెడ్డు పారేయకు

చిట్టితల్లీ,

పొద్దున్నే ఏమీ తినకుండా ఆఫీసుకి పరిగెడుతున్నావని విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బ్రెడ్డుని గుడ్లూ పాలలో ముంచి ఫ్రెంచ్ టోస్ట్ చేస్తే పైన మాడిపోయి లోపల పచ్చిగా, ముద్దగా ఉందన్నావు. నీకు చేతకాక కాదమ్మా. తాజా బ్రెడ్డు వాడావు, మంట పెద్దది పెట్టావు. అక్కడే చెడింది.

అప్పుడే కొన్న మెత్తటి బ్రెడ్డు పాలు తగలగానే చితికిపోతుంది. నిన్నటిదో మొన్నటిదో, కాస్త గట్టిపడింది తీసుకో. ఫ్రెంచివాళ్ళు ఈ టోస్టుని ‘పాన్ పెర్దూ’ అంటారు, అంటే పనికిరాకుండా పోయిన రొట్టె అని. ఎండిన రొట్టె పారేయడానికి చేతులు రాక చేసుకున్న వంట ఇది. ఇంట్లో తాజాదే ఉంటే నూనె వేయకుండా పెనం మీద రెండు వైపులా కాస్త వెచ్చబెట్టు, తడి ఆరుతుంది. బూజు పట్టిందంటే మాత్రం ఆ మేరకు తుంచేసి వాడొద్దు, ప్యాకెట్టంతా పారెయ్.

4 స్లైసులకి 2 గుడ్లు, అర కప్పు పాలు, 2 చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి చాలు. ముందు గుడ్లూ పంచదారా కలిపి తెల్లసొన తీగలు కనిపించనంత వరకు బాగా గిలక్కొట్టు. ఆ తీగలు మిగిలితే టోస్టు మీద ఆమ్లెట్ పేలికల్లా అంటుకుని నీచు వాసన వేస్తాయి. తర్వాతే పాలు పొయ్యి, అవీ కాచి చల్లార్చినవి. వేడివి పోస్తే గుడ్డు ఉండలు కట్టేస్తుంది. పంచదార ఇంతకన్నా వేయకు, తొందరగా మాడేది అదే. తీపి చాలకపోతే తినేటప్పుడు తేనె వేసుకో.

మన దగ్గర దొరికే స్లైసులు పల్చన కదా, ఒక్కో వైపు 10 సెకన్లు నానితే సరిపోతుంది. ఎత్తి పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా కారాలి. ధారగా కారితే ఎక్కువ నానినట్టే.

ఇక పెనం. వెన్నలో పాల అంశ ఉంటుంది, అది ఇట్టే నల్లబడుతుంది. మీ అమ్మ పంపిన నెయ్యి ఉందిగా, ఒక చెంచా వెయ్యి. స్లైసు వేయగానే సన్నగా సుయ్‌మనాలి, చిటపటలాడకూడదు. మంట తగ్గించి రెండు మూడు నిమిషాలు దాన్ని ముట్టుకోకు. అంచులు ముదురు తేనె రంగుకి వచ్చాక అట్లకాడతో తిప్పు. మీ అన్నయ్య పరీక్షల రోజుల్లో పొద్దున్నే తొందరపడి ఎన్నోసార్లు ముందే తిప్పేసేదాన్ని, ప్రతిసారీ మధ్యలో విరిగేది. రెండో వైపు కూడా కాలాక నడిమధ్య అట్లకాడతో నొక్కి చూడు. తడి ఊరిందా, ఇంకో నిమిషం ఉంచాలి. మూత మాత్రం పెట్టకు, ఆవిరికి మెత్తబడిపోతుంది.

ఆదివారం తీరిగ్గా ఒకసారి చెయ్యి తల్లీ. పెనం మీద ఉండగానే వీడియో కాల్ చెయ్యి, రంగు చూసి ఎప్పుడు తిప్పాలో నేను చెబుతాను.

మీ పెద్దమ్మ