కొత్త ప్యాడ్ ఒకవైపే అరిగిపోతోందంటే ముందు పిన్నులు చూడండి

కాకినాడలో తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ముందు బ్రేక్ ప్యాడ్లు మీరే మార్చారు. మూడు నెలలకే ఎడమ చక్రం లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగింది, బయటిది కొత్తదానిలా ఉంది, తొక్కితే కీచుమంటోంది. చిల్లుల డిస్కు, రేసింగ్ ప్యాడ్లు వేస్తే పోతుందా అని అడిగారు. పోదు. అవీ ఇలాగే అరుగుతాయి, కాకపోతే ఇంకా ఎక్కువ డబ్బు పోతుంది.

ఇలాంటి కార్లలో క్యాలిపర్‌కి, అంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగానికి, పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. బ్రేక్ తొక్కగానే అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి అదుముతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను పట్టేసిందంటే క్యాలిపర్ కదలదు, పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. పిస్టన్ వెనక్కి జారకపోయినా లక్షణం ఇదే. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. పిన్నుని కప్పే రబ్బరు బూటుకి చిన్న చిరుగు పడితే చాలు, పిన్ను తుప్పు పడుతుంది.

వీల్ నట్లు చక్రం నేలమీదుండగానే వదులు చేసి, జాకీతో ఎత్తి, స్టాండ్ మీద దించండి. స్టాండ్ లేకపోతే పని మొదలుపెట్టొద్దు. క్యాలిపర్ బోల్టులు రెండూ తీశాక దాన్ని బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి.

ఇప్పుడు పిన్నులు బయటికి లాగండి. చాలా కార్లలో ఈ రెండూ ఒకలాంటివి కావు, ఒకదాని చివర చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైన ఉంది, ఏది కింద ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. తారుమారైతే బిగించిన కొద్దిరోజులకే మళ్లీ పట్టేస్తాయి. పైపైన తుప్పు ఉంటే నున్నటి ఎమరీ పేపర్‌తో రుద్దండి. గుంటలు పడితే పిన్ను, బూటు రెండూ కొత్తవి వేయండి, ప్యాడ్ల ఖర్చు ముందు అవి ఏపాటి.

గ్రీజు విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. బేరింగులకి వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు. పెట్రోలియం తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పిన్నుని గట్టిగా పట్టుకుంటుంది. కిరసనాయిలు, డీజిల్‌తో కడగడం కూడా ఇందుకే వద్దు. పిన్నుల కోసం అమ్మే సిలికాన్ బ్రేక్ గ్రీజు పిన్నంతా పల్చగా పూయండి. రంధ్రంలో కుక్కితే అడుగున గాలి చిక్కుకుని పిన్నుని బయటికి తోస్తుంది. సరిగ్గా పడిన పిన్ను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, వదిలితే కాస్త వెనక్కి తన్నుతుంది.

ప్యాడ్ చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు తీసి కింద చూడండి. అక్కడ తుప్పు పొరలుగా లేచి క్లిప్పుని పైకి నెడుతుంది, దాంతో ప్యాడ్ ఇరుక్కుంటుంది. వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, కొత్త క్లిప్పులు వేయండి. ప్యాడ్ వేలితో జరగాలి, సుత్తి అవసరమైతే ఎక్కడో తప్పుందన్నమాట.

పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి సీ క్లాంపుతో పిస్టన్‌ని మెల్లగా నెట్టండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది, నిండుగా ఉంటే ముందే సిరంజీతో కొంచెం తీయండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. క్లాంపుకి కూడా పిస్టన్ కదలకపోయినా, దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగినా సీలు కిట్టు మార్చాలి. మొదటిసారైతే అది మెకానిక్‌కే వదిలేయండి. డిస్కు మందం కూడా కొలవండి, కనీస మందం ఎంతో సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది.

బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. ఒకవైపు ప్యాడ్లు మారిస్తే రెండోవైపూ మార్చాల్సిందే. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి తొక్కుకి పెడల్ నేలకి పోతుంది, బండి ఆగదు. కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్ల నుంచి 15కి ఓ పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. చల్లారేదాకా నడిపి తర్వాత పార్క్ చేయండి.

ఇక మీ ట్యూనింగ్ సరదా సంగతి. ఆ డబ్బుతో ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ అంటే డబ్బా మీద ఉండే ఆయిల్ రకం. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక 140కే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. తిరుమల ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలుంచితే ఆయిల్ వేడెక్కి మరిగి, ఆవిరి బుడగలతో పెడల్ మెత్తబడేది అందుకే. డాట్ 3 ఉన్న బండికి డాట్ 4 వేయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందని అది పోయకండి.