వేడెక్కితే ఆగిపోయే పాత బుల్లెట్: ముందు కండెన్సర్ చూడండి

మీ పాత బుల్లెట్ 350 ఇరవై నిమిషాలు నడిచాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందన్నారు. ఇంకా కార్బురేటర్ విప్పకండి. నా అనుమానం కండెన్సర్ మీదే, అంటే పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అణిచే చిన్న భాగం మీదే. ఇంజను నడుస్తుండగా పాయింట్ల (తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టుల) మూత తీసి చూడండి. పాయింట్ల మధ్య పెద్ద నిప్పురవ్వలు ఎగురుతుంటే కండెన్సర్ మార్చేయండి, ఖర్చు తక్కువే. రవ్వలు మామూలుగానే ఉంటే స్పార్క్ ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను అనుమానించాలి, అదీ వేడికి మొరాయిస్తుంది.

నల్లబడ్డ పాయింట్లను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకుతో) 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టండి. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం కూడా మారుతుంది, దాన్నీ సరిచూడండి. చాలామంది మెకానిక్‌లు మరిచేది ఇదే.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించాలన్న ఆలోచన మంచిదే. కానీ మీ బండి 6 వోల్టులదైతే 12 వోల్టుల కిట్ నేరుగా పనికిరాదు. పాత పాయింట్ల ప్లేటు మాత్రం పారేయకండి, దారిలో కిట్ పోతే అదే దిక్కు.